ఆవిడకి అదే సంతోషమట!

నెలగంట పెట్టారంటే చాలు, తెలుగునాట ఒక మాట చెలామణీలోకి వస్తుంది. "పిల్లలొస్తున్నారంటే మా అమ్మకి ఎక్కళ్ళేని ఓపికా వచ్చేస్తుందండీ! మోకాళ్ళ నొప్పులూ, బీపీ బిళ్ళలూ ఏవీ గుర్తుండవు. వద్దన్నా వినదు. ఆవిడకి అదే సంతోషం." ఆఫీసులో పక్క సీటాయనతో అంటారు, అపార్టుమెంటు లిఫ్టులో అంటారు, రైల్లో ఎదురు బెర్తువాళ్ళతో అంటారు. వినేవాళ్ళూ తలాడిస్తారు, "మా ఇంట్లోనూ అంతేనండీ" అని. పండగ ప్రత్యేక సంచికల్లో ఇదే మాట బొమ్మేసుకుని వస్తుంది: నుదుట ఇంత బొట్టు, నెరిసిన ముడి, చేతిలో అరిసెల పళ్ళెం, మొహం నిండా నవ్వు.

ఈ మాట అనేవాళ్ళెవరూ దుర్మార్గులు కారు. అమ్మంటే ప్రాణం పెట్టేవాళ్ళే. దీన్ని ఖండించడం కష్టం అందుకే, ఖండించక తప్పనిదీ అందుకే. తిట్టే అయితే ఆవిడే తిరగబడి ఉండేది. పొగడ్త అయ్యేసరికి నోరెత్తడానికి సందు లేకుండా పోయింది.

మనవలొస్తే ఆవిడకి సంతోషమే, ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. ఏడాదంతా ఒక జతే ఉండే గుమ్మంలో డజను జతల చెప్పులు చెల్లాచెదురుగా పడి ఉంటే ఆవిడ మొహం ఎలా ఉంటుందో చూసినవాళ్ళెవరూ కాదనలేరు. నా పేచీ అంతా ఆ సంతోషాన్ని కూలి కింద జమ కట్టేయడం మీద. మనవణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకోవడం సంతోషం, సరే. ఆ మనవడి నాన్న పడుకున్న పరుపు దుప్పటి ఉతకడం కూడా సంతోషమేనని ఎవరు చెప్పారు? ఈ రెంటినీ కలిపి ఒకే ముడి వేసేశాం. ఇప్పుడు చాకిరీ ఎక్కువైందంటే ప్రేమ తక్కువైందన్న అర్థం వస్తోంది. ఆ అర్థం వచ్చే మాట ఏ అమ్మమ్మ నోటినుంచీ ఊడిపడదు.

సినిమాలు ఆ ముడిని ఇంకాస్త బిగించాయి. 2017 సంక్రాంతికి వచ్చిన 'శతమానం భవతి' గుర్తుందిగా. ఆత్రేయపురంలో ముసలి దంపతులు, విదేశాల్లో పిల్లలు, వాళ్ళందర్నీ పండక్కి ఇంటికి రప్పించడానికి పెద్దాయన వేసిన ఎత్తు. జాతీయ పురస్కారం కూడా వచ్చింది. నేనూ చూశాను, కళ్ళూ తుడుచుకున్నాను. అయితే పిల్లలు ఇంటికి రావడమే కథ అయినప్పుడు, వచ్చాక తిన్న కంచాలు ఎవరు తీశారన్నది కథలోకి రాదు. మన ఇళ్ళల్లోనూ కథ అక్కడే ఆగిపోతోంది. "వచ్చాంగా!" అంటాం. రావడమే మనం ఇచ్చే కట్నం. ఇక పెట్టాల్సింది అవతలివాళ్ళే.

ఇంతకీ ఆవిడ చేసే పనేమిటి? పిండివంటలని టక్కున చెబుతారు. పిండివంటలు అందులో పావలా వంతు. డిసెంబరు నెలాఖరుకి బూజుకర్ర బయటికొస్తుంది. అటకమీంచి గుండిగలు, పెద్ద బాండీ, ఇత్తడి బిందెలు దిగాలి. దించే మనిషి దొరకడు, పక్కింటి కుర్రాణ్ణి బతిమాలుకోవాలి. చింతపండు పెట్టి తోమాలి. పరుపులు, దిళ్ళు డాబామీద ఎండలో వేసి, మంచు పడకముందే కిందికి చేర్చాలి. రెండో గ్యాస్ బండ ముందే తెప్పించి ఉంచుకోవాలి, భోగినాడు అయిపోతే తెచ్చేనాథుడు ఉండడు. పాలబ్బాయికి వారం ముందే చెప్పాలి, లేకపోతే పండగ మూడు రోజులూ అదనంగా గిద్దెడు కూడా పొయ్యడు. తన మందుబిళ్ళలు ముందే కొనిపెట్టుకోవాలి, షాపు కట్టేస్తారు. కూతురికి చీర, అల్లుడుగారికి బట్టలు, పిల్లలకి తలో జత. ఆంధ్రలో నెలకి 4,000 రూపాయల పింఛను తీసుకునే మామ్మల్ని అడిగి చూడండి, డిసెంబరు పింఛను, జనవరి పింఛను ఎటు పోయాయో. నెయ్యికి, బెల్లానికి, మనవడి చొక్కాకి.

ఇదంతా ఎవరూ రాకముందు. వచ్చాక? భోగినాడు తెల్లవారుజామున మనం మంట దగ్గర ఫోటోలు దిగి లోపలికొచ్చేసరికి అందరి తలంట్లకీ నీళ్ళు కాగి ఉంటాయి. వాటంతట అవే కాగవు కదా. ఒకాయనకి పంచదార లేని కాఫీ, ఒకమ్మాయికి గ్రీన్ టీ, ఇద్దరికి బూస్టు, ఇంకొకరికి పాలే పడవు. ఎనిమిదింటికి కొందరు టిఫిను తింటారు, పదకొండింటికి లేచి కొందరు తింటారు. చివరి వాయ ఇడ్లీ దించిన పొయ్యిమీదే అన్నానికి ఎసరు పడుతుంది. సంక్రాంతినాడు పెద్దలకి బట్టలు పెట్టుకోవాలి, ఆ వంటకి వేరే నియమం. మర్నాడు గారెలు. కనుమనాడు కాకైనా కదలదంటారు. బాగానే ఉంది. కదలకుండా కూర్చున్న ఆ కాకులన్నిటికీ గారెలు వేసేది ఎవరో ఆ సామెత చెప్పదు.

ఇందులో ఏ ఒక్క పనీ ఎక్కడా రాసి ఉండదు. అంతా ఆవిడ బుర్రలో ఉంటుంది. ఎవరికి వేరుశెనగ పడదు, ఎవరికి దోమతెర లేందే నిద్ర పట్టదు, ఏ కోడలికి కింద కూర్చుంటే నడుం పట్టేస్తుంది, పోయినేడు ఎవరికి చీర రంగు నచ్చలేదు. ఏ కంపెనీలోనైనా ఇన్ని వివరాలు తలలో పెట్టుకుని ఇంతమందికి ఏర్పాట్లు చేసే మనిషికి ఒక హోదా ఉంటుంది, ఒక గది ఉంటుంది, పైగా ఒక సహాయకుడు ఉంటాడు.

ఇక 'వద్దన్నా వినదు' అన్న మాటకొద్దాం. అవతలి వాదంలో అసలు పస ఇదే. ఎలా వద్దంటామో ఒకసారి చూడండి. ఫోన్లో అంటాం. "ఎందుకమ్మా ఇవన్నీ, ఒంట్లో ఓపిక లేకుండా? ఏమీ చెయ్యకు. వచ్చాక చూసుకుందాం." ఒక్క క్షణం ఆగుతాం. "ఆ, పిల్లాడు సున్నుండలు అడుగుతున్నాడు. అవి మాత్రం కాసిని చుట్టి ఉంచు." రెండో కొడుకు జంతికలు మినహాయిస్తాడు. పెద్దమ్మాయి పెట్టిన మినహాయింపు కజ్జికాయలు. చిన్నల్లుడుగారు ఏమీ అడగరు గానీ పోయినేడు పాకుండలు రెండుసార్లు వడ్డించుకున్నారు, అది ఆవిడకి గుర్తే. నలుగురూ వద్దన్నారు. చెయ్యాల్సినవి నాలుగు రకాలు తేలాయి. పైగా వద్దన్న పుణ్యం నలుగురి ఖాతాలోనూ పడింది.

సరే, మనస్ఫూర్తిగానే వద్దన్నామనుకుందాం. వద్దన్న పనిని ఎవరు అందుకున్నారు? "అమ్మా, నువ్వు బూజులు దులపకు, నేను పదో తారీఖుకే వచ్చి దులుపుతా" అనే కొడుకు ఉంటే దణ్ణం పెడతాను. మనం చెప్పే 'వద్దు'కి అర్థం పని ఆగిపోవాలని. పని ఆగితే ఇల్లు బూజుతోనే ఉంటుంది. వియ్యాలవారు వచ్చి చూరు వంక చూసినప్పుడు మాట పడేది హైదరాబాదులో ఉద్యోగం చేసే కొడుకు కాదు కదా. ఇంటి పరువు మొత్తం తీసుకెళ్ళి ఆవిడ కొంగుకి కట్టి, పని మాత్రం మానెయ్యమంటాం. అందుకే ఆవిడ వినదు. వినకపోవడంలో మొండితనం లేదు, లోకం తెలిసినతనం ఉంది.

మా వైపు ఒకావిడ ఒక ఏడాది పిల్లలందరికీ ఫోను చేసి చెప్పింది. "ఈ ఏడు నా వల్ల కాదర్రా. పండక్కి ఎవరూ రాకండి. వేసవిలో రండి, మావిడిపళ్ళు తిందురుగాని." అంతే. ఇంకేం అనలేదు. ఆ సాయంత్రానికి ఫోన్లు మొదలయ్యాయి. పెద్దాడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానన్నాడు. కూతురు ఏడ్చింది, "వదినేమైనా అందా?" అని. ఆ వదిన అలిగింది. ఊళ్ళో ఉన్న మరిదిగారు ఆస్తి పంపకాల గొడవేమోనని ఆరా తీశాడు. ఒంట్లో బాగాలేకపోవాలి, లేకపోతే ఎవరితోనైనా గొడవై ఉండాలి. ముసలావిడ పండగ వద్దనడానికి మన దగ్గర ఈ రెండు కారణాలే ఉన్నాయి. అలసిపోయానన్నది కారణాల జాబితాలోనే లేదు. నాలుగో రోజుకి ఆవిడ "రండర్రా, ఊరికే అన్నాను" అంది. రెండో గ్యాస్ బండ బుక్ చేసింది. "చూశారా, పిల్లల్ని చూడకుండా ఉండలేదు" అన్నారు అందరూ.

మరి ఆవిడ నోటితోనే అంటుంది కదా, "నాకేం కష్టం రా, మీరొస్తే అంతే చాలు" అని? అంటుంది. గడప దగ్గర బ్యాగులతో నిలబడ్డ కొడుకుతో ఇంకేమంటుంది? నిజంగా ఏమంటుందో వినాలంటే పదిహేడో తారీఖున, కార్లన్నీ వెళ్ళిపోయాక, చెల్లెలికి చేసే ఫోను వినాలి. "ఒళ్ళు పచ్చి పుండైపోయిందే. రెండ్రోజులు లేవలేకపోయాను. పనమ్మాయి కూడా పండక్కి వాళ్ళ ఊరెళ్ళిపోయింది. దుప్పట్లన్నీ అలాగే పడున్నాయి." ఈ రెండు మాటలూ ఆవిడవే. మనకి పనికొచ్చే మాటనే సాక్ష్యంగా తీసుకుంటున్నాం.

అరిసెల సంగతి కాస్త దగ్గర్నుంచి చూద్దాం, ఎందుకంటే 'అమ్మమ్మ ప్రేమ' అన్న శీర్షిక ఎక్కువగా పడేది వాటి మీదే. బియ్యం ముందురోజే నానబోసి నీళ్ళు మారుస్తూ ఉండాలి. వడగట్టి, గుడ్డమీద కాసేపు పరిచి, తడి పూర్తిగా ఆరకముందే మరకి పట్టుకెళ్ళాలి. పండగ ముందు మర దగ్గర వరస చాంతాడంత ఉంటుంది. తెచ్చిన పిండి వెంటనే జల్లించి, ఆరిపోకుండా గట్టిగా నొక్కి మూతపెట్టాలి. అప్పుడు బెల్లం పాకం. పక్కన పళ్ళెంలో నీళ్ళు పెట్టుకుని చుక్క వేసి వేలితో చూస్తుంటారు. మెత్తగా ఉండ కట్టాలి. లేతగా దించితే అరిసె నూనెలో విడిపోతుంది, ముదిరిందా, పళ్ళూడగొట్టుకోవాలి. ఆ రెంటికీ మధ్య ఉన్నది నిమిషమో, అంతకన్నా తక్కువో. దించగానే ఒకరు పిండి పోస్తుంటే ఇంకొకరు తెడ్డుతో ఆపకుండా కలపాలి, భుజాలు లాగేస్తాయి. తర్వాత ఉండలు చెయ్యడం, నువ్వులద్దడం, ఆకుమీద తట్టడం, నూనెలో వెయ్యడం, తీసి రెండు చెక్కల మధ్య నొక్కడం. ఎలా చూసినా ఇద్దరు ముగ్గురు మనుషుల పని.

పోయిన పండక్కి మా పెరట్లో జరిగింది చెబుతాను. వంటింటి గట్టుమీద పెద్ద బాండీ ఆనదని అమ్మ కింద పొయ్యి పెట్టించుకుంది. కింద కూర్చుంటే లేవలేదు గనక ముక్కాలి పీట వేసుకుంది. పాకం ఉడుకుతోంది. మా అన్నయ్య కొడుకు, ఇంజనీరింగు చదువుతున్నాడు, ఫోను పట్టుకుని ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"మామ్మా, ఇటు చూడవే ఒక్కసారి. నవ్వు."

"ఆగరా, పాకం ముదిరిపోద్ది."

"ఒక్క సెకను మామ్మా. ఆ తెడ్డు పైకెత్తు, వెనకాల పొగొస్తోంది, బాగుంది."

ఆవిడ తెడ్డెత్తింది. నవ్వింది కూడా. తర్వాత పిండి పొయ్యడానికి ఎవర్నైనా రమ్మని కేకేస్తే, ఆ పిల్లాడు "అత్తా, నిన్నే పిలుస్తోంది" అని నాకు చెప్పి వీడియో కత్తిరించుకుంటూ అరుగు మీదకెళ్ళాడు. సాయంత్రానికల్లా ఆ ముక్క బంధువులందరి ఫోన్లలోకీ చేరింది. కింద రాసిన మాట మీకు తెలుసు. మామ్మ ప్రేమకి వెలకట్టలేం లాంటిదే ఏదో. ఆ పిల్లాడి మీద నాకు కోపం లేదు, వాడికి మేం నేర్పిన పాఠం అది. కానీ ఆ పెరట్లో తెడ్డు తిప్పడానికి అందరికంటే పనికొచ్చే భుజాలు వాడివే. అవి ఫోను పట్టుకుని ఉన్నాయి.

ఇక్కడ ఇంకో వాదం ఎదురొస్తుంది. పాతరోజుల్లో రోట్లో దంచేవాళ్ళు, కట్టెలపొయ్యి ఊదేవాళ్ళు, ఇప్పుడన్నీ మిషన్లే కదా, ఏం కష్టమని. మిక్సీ వచ్చిందన్నది నిజమే. మిక్సీతోపాటు జరిగిన ఇంకో మార్పుని లెక్కలోంచి తప్పించేశారు. రోకలి పోయింది, రోకటి చుట్టూ ఉన్న ఆడవాళ్ళూ పోయారు. తోటికోడళ్ళు వేరే ఊళ్ళకి వెళ్ళిపోయారు, ఎదురింటావిడ కొడుకు దగ్గర బెంగుళూరులో ఉంది, ఆడపడుచుకి మోకాలి ఆపరేషనైంది. వరంగల్, కరీంనగర్ వైపు సకినాలు చుట్టడం చూసినవాళ్ళకి తెలుస్తుంది. చాప మీద గుడ్డ పరిచి పదిమంది ఆడవాళ్ళు చుట్టూ కూర్చుంటే గంటలో తేలే పని అది. వేళ్ళ మధ్య పిండి మెలి తిప్పుతూ వలయాలు వెయ్యడానికి ఏ మిషనూ సాయం రాదు. పదిమంది పని ఇప్పుడు ఒక్కావిడ వణికే వేళ్ళ మీద పడింది. ఆ పాత పదిమంది గురించి కూడా మరీ మురిసిపోనక్కర్లేదు లెండి. దంచినవాళ్ళలో, తోమినవాళ్ళలో చాలామందికి దక్కింది శేరుడు బియ్యం, ఒక పాత చీర, నాలుగు అరిసెలు. వాళ్ళూ ఎవరికో అమ్మమ్మలే. వాళ్ళ ఇంట్లో పండగ పని మన ఇంటి పని అయ్యాక మొదలయ్యేది.

"అయితే కొనేద్దాం" అంటారు ఇంకొందరు. వీధికో స్వగృహ దుకాణం ఉంది, అరిసెలు అమెరికాకి కూడా పార్సెలు కడుతున్నారు. కొనండి, నాకు అభ్యంతరం లేదు. ఆ దుకాణం వెనక బాండీ దగ్గర కూర్చున్న ఆడవాళ్ళకి రోజుకింతని కూలి ఉంటుంది. అది చాలో చాలదో వేరే సంగతి, పని అని మాత్రం అందరూ ఒప్పుకుంటారు. అదే జంతిక, అదే గొట్టం, అదే మంట ముందు ఇంట్లో అమ్మమ్మ కూర్చుంటే మాత్రం అది 'ప్రేమ' అయిపోతుంది. చిత్రం కాకపోతే ఏమిటి? పైగా కొనడంతో తీరేది ఆ పావలా వంతే. పరుపులు, తలంట్లు, రెండు జాముల టిఫిన్లు, ఎంగిలి కంచాలు ఏ దుకాణంలోనూ దొరకవు. ఆవిణ్ణి ఒక్క మాట అడక్కుండా ఆరు రకాల డబ్బాలు తెచ్చి బల్లమీద పెడితే, యాభై ఏళ్ళుగా ఆ ఇంట్లో ఏం వండాలో చెప్పిన మనిషి చేతిలోంచి ఆ ఒక్క అధికారమూ లాగేసుకున్నట్టు. చాకిరీ ఉంచి పెత్తనం తీసేయడం ఏం న్యాయం?

పెట్టుపోతల గొప్పలకీ ఈ జబ్బే. 2022 సంక్రాంతికి నరసాపురంలో కాబోయే అల్లుడికి 365 రకాలు వడ్డించారని దేశమంతా వార్త. రకాలెన్నో అందరూ లెక్కపెట్టారు. అప్పట్నుంచీ ఏటా గోదావరి జిల్లాల నుంచి ఇలాంటి వార్త ఒకటి రావాల్సిందే. విస్తరిలో ఎన్ని రకాలున్నాయో చెబుతారు, పెట్టిన చేతులెన్నో చెప్పరు.

ఇవన్నీ అంటుంటే కొందరు బాధపడతారు. ఇంట్లో కూడా గంటలూ లెక్కలూ ఏమిటండీ, లెక్క కడితే ప్రేమ ఏం మిగులుతుంది అని. లెక్క ఎప్పుడో కట్టారు, మనకి తెలీకపోవడమే. 1989 మార్చి 3న జంషెడ్‌పూర్‌లో ఒక వేడుకలో మంటలు చెలరేగి ఎందరో ఆడవాళ్ళు, పిల్లలు చనిపోయారు. పరిహారం తేల్చాల్సి వచ్చింది. 62 నుంచి 72 ఏళ్ళ మధ్య పెద్దావిడలు ఇంటికి చేసే సేవల విలువ ఏడాదికి 10,000 రూపాయలని కట్టారు. ఇది న్యాయంగా లేదని 2001లో లతా వాధ్వా కేసులో సుప్రీంకోర్టు దాన్ని 20,000 చేసింది. అదే తీర్పులో అంతకంటే చిన్న వయసు గృహిణుల సేవలకి 36,000. వయసు పైబడిన కొద్దీ చాకిరీ విలువ తగ్గుతుందన్న ఊహ కోర్టు లెక్కలోనూ ఉంది, అది అటుంచండి. నన్ను కలవరపెట్టేది వేరే. ఒక అమ్మమ్మ పనికి విలువ ఉందని తేలడానికి ఆవిడ చనిపోవాల్సి వచ్చింది. బతికుండగా లెక్క కడితే ప్రేమ పోతుందంటారు!

2021 జనవరిలో, సరిగ్గా పండగ ముందు రోజుల్లోనే, కీర్తి కేసులో సుప్రీంకోర్టు మళ్ళీ ఈ సంగతికొచ్చింది. మన పొన్నవరం నుంచి వెళ్ళిన జస్టిస్ ఎన్.వి. రమణ తన విడి తీర్పులో 2019 నాటి జాతీయ కాలవినియోగ సర్వేని ప్రస్తావించారు. ఇంట్లో జీతం లేని పనికి ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు వెచ్చిస్తుంటే మగవాళ్ళు 97 నిమిషాలు. అదీ ఇంటిపనిలో ఎంతో కొంత చెయ్యి పెట్టిన మగవాళ్ళని లెక్కేస్తేనే. అసలు ముట్టుకోనివాళ్ళు ఆ సగటులో లేరు. మళ్ళీ 2024లో సర్వే చేశారు. ఆడవాళ్ళది 289కి దిగింది. పోనీలే, పది నిమిషాలైనా తగ్గిందని సంతోషించబోతే, మగవాళ్ళది 88కి దిగింది. ఆడవాళ్ళకి తగ్గిన పది నిమిషాల్నీ మిక్సీయో, స్విగ్గీయో, వాషింగ్ మెషినో అందుకుని ఉండాలి. ఇంట్లో మగవాళ్ళు అందుకోలేదని మాత్రం అంకెలే చెబుతున్నాయి.

ఈ అంకెలు ఎందుకు తెచ్చానంటే, నా వాదాన్ని ఒక పక్కకి లాక్కెళ్ళే ప్రమాదం ఉంది. "నిజమే, పాపం అత్తయ్యగారికి రెస్టివ్వాలి" అని అందరూ ఒప్పేసుకుని, మరుక్షణం కోడలి వంక చూస్తారు. పీట మీంచి అమ్మమ్మని లేపి కోడల్ని కూర్చోబెట్టడం సంస్కరణ అనిపించుకోదు. ఆ కోడలు కూడా అప్పటిదాకా ఆఫీసు చేసి, రాత్రంతా ప్రయాణం చేసి వచ్చిన మనిషే. ఇరవై ఏళ్ళ తర్వాత 'ఆవిడకి అదే సంతోషం' అనిపించుకోబోయేదీ ఆవిడే. అల్లుడుగారిని లేపకండి, అలసిపోయి ఉంటారు అంటాం. ఆయన ఎక్కిన రైల్లోనే కూతురూ ఎక్కింది. బావలూ బావమరుదులూ కలిసి పొద్దున్నే భీమవరం వైపు వెళ్తారు, నిషేధమున్నా ఆగని కోడిపందేలు చూడ్డానికి. మధ్యాహ్నం వేళకి ఫోను చేస్తారు. "వచ్చేస్తున్నాం, విస్తళ్ళు వేసెయ్యండి." అలుపు లేదని ఎవరిని చూసి అనాలో అప్పుడు తెలుస్తుంది.

ఇందుకు మార్గమేమిటని అడిగితే నా దగ్గర పెద్ద సిద్ధాంతాలేమీ లేవు. 2024 నవంబరు నుంచి రైల్వేవాళ్ళు ముందస్తు రిజర్వేషను గడువు 120 రోజుల నుంచి 60 రోజులకి తగ్గించారు. నవంబరు మధ్యలో ఒక పొద్దున్న ఎనిమిదింటికల్లా ఇంటిల్లిపాదీ ఫోన్లు పట్టుకుని కూర్చుంటున్నాం, భోగి ముందురోజు బెర్తు కోసం. అంత ముందుచూపు ఉన్నవాళ్ళం ఆ టికెట్టుని ఇంకో మూడు నాలుగు రోజులు వెనక్కి జరపవచ్చు. ఇంట్లో కొడుకులు, అల్లుళ్ళు ముందు రావాలి, పిల్లలు, కోడళ్ళు నెమ్మదిగా రావచ్చు. అటక ఎక్కాల్సినవాళ్ళు, మర దగ్గర వరసలో నిలబడాల్సినవాళ్ళు, పరుపులు డాబామీదికి మొయ్యాల్సినవాళ్ళు వాళ్ళే కనక. కనుమ సాయంత్రం కారెక్కకుండా ఇంకో రోజుండి దుప్పట్లు ఉతికి, గుండిగలు తోమి, మళ్ళీ అటక ఎక్కించి వెళ్ళాలి. సెలవు దొరకదంటే వంతులు వేసుకోవాలి. అల్లుడుగారి చేత పని చేయిస్తే ఊళ్ళో ఏమనుకుంటారంటే, ఒక పండగ అనుకుంటారు, రెండో పండక్కి వాళ్ళ ఇంట్లోనూ చేయిస్తారు.

ఆ పని మొత్తం మన చేతుల్లోకి వచ్చాక, అప్పుడు ఆవిణ్ణి అడుగుదాం. "అమ్మా, ఈ ఏడు అరిసెలు చేద్దామా, వద్దా?" చేద్దామంటే పీట వేసి కూర్చోబెడదాం. పాకం ఎప్పుడు దించాలో ఆవిడ చెబుతుంది, తెడ్డు ఇంజనీరింగు కుర్రాడు తిప్పుతాడు. వద్దందా, వద్దు. ఒంట్లో బాగాలేదా అని మాత్రం అడక్కండి.